మరిడోడ మీద పుణ్యవతి బాణం

పేరు కోసం సేసిందంట! మొన్న గుణుపురం సంతలో ఒక పెద్దమనిసి నా మొగం మీదే అన్నాడా మాట. "మీ పుణ్యవతమ్మకి పేరు పిచ్చి. అందుకే ఆడదై ఉండి మందుగుండు ముట్టింది" అని. నాను వంకాయల బుట్ట కిందకి దించి, "ఏ పేరు బాబూ? ఎవల నోట్లో ఉన్నాదా పేరు, సెప్పు" అన్నాను. బేరం వొదిలీసి పక్క బుట్ట దగ్గరికి జరిగేడు. మా పుణ్యవతప్ప పోయి ఏడాది తిరగనేదు, అప్పుడే ఎవలికి తోసింది ఆళ్ళు అంటన్నారు. అందుకే సెప్తన్నాను, ఇనండి. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటాది గానీ, అబద్ధమాడతానని ఎవలూ అనరు.

పుణ్యవతి నా తోడబుట్టింది కాదు, తోటికోడలు. నాకన్న ముందొచ్చిన కోడలు గాబట్టి అప్పా అని పిలిసీదాన్ని. నన్ను అమ్మీ అనీది. ఒకే మావకి కోడళ్ళం, సన్యాసయ్య మావకి. పెద్దకొడుకు ఢిల్లీశ్వరరావు బావ అప్ప మొగుడు. మాది గుణుపురానికి కూతవేటు దూరంలో, వంశధార ఒడ్డునున్న ఒడ్డుపేట. మావోళ్ళు సీకాకోలు పల్లెల్నుంచొచ్చి ఇక్కడ సాగులోకి దిగినోళ్ళు. అందరికీ భూములున్నాయి. మా ఇంటికి మాత్రం భూమితోపాటు బాణం కూడా ఉండీది.

అదేటో సెప్పాల. మరిడి అంటే ఇప్పటోళ్ళు కలరా అంటారు. వానలు పోయేక అది ఊళ్ళో అడుగెట్టకుండా ఏటా కార్తీక పున్నమినాడు మరిడమ్మని సాగనంపీవోళ్ళం. అరిటి బోదెలు కట్టి ఓడ సేసి, దాని మీద పాత సాపలు, పగిలిన కుండలు, యేపాకు, ఎర్రగుడ్డ పెట్టి, ఊరి పైనెక్కడో ఏట్లో వొదిలీవోరు. ఒకసారి వొదిలేక దాన్ని ఎవలూ ముట్టకూడదు. దోనె మీద దగ్గరికెల్లినా సరే, తల్లి ఆళ్ళ మీదకెక్కిపోతాది. అలగని అది కాలకుండా మలుపు దాటిపోతే కిందూరోళ్ళ పాలవుతాది. అందుకని ఒడ్డు మీద నిలబడి, వెదురు గొట్టంలో మందు కూరిన నిప్పు బాణమేసి, నడి ఏట్లోనే కాల్సెయ్యాల. ఆ బాణం వేసే హక్కు మా మావ తాతలనాటిది. ఒక్క ఓడకి ఒక్క బాణమే. రెండోది వేస్తే తల్లిని తరిమినట్టవుతాదంట, కోపమొస్తాదంట.

ఏరు మా ఒడ్డు పక్కనే పారినంత కాలం దీనికి ఇబ్బంది నేదు. సేత్తో ఇసిరినంత దూరం. కళ్ళు మూసుకుని వేసినా తగిలీది. మమ్మల్ని ఒడిశాలో కలిపిన ఏడుకి ముందొక పెద్ద వరదొచ్చి, లోతు పాయ అవతలొడ్డుకి జరిగిపోయింది. మా పక్కన ఇసకమేట పడింది. ఆ కార్తీకానికి ఓడ ఎక్కడో దూరంగా, సిన్న బొమ్మలా ఎల్తన్నాది. బావ బాణమేసేడు. అది సగం దూరమెల్లి, తలొంచి, నీట్లో పడి బుస్సుమన్నాది. ఓడ మలుపు దాటిపోయింది.

ఏటి కింద పెసరవలస. పొద్దున్నే బయల్దేరితే మధ్యాన్నం గంజివేళకి ఆడ ఉండొచ్చు. అక్కడ అప్ప సెల్లెలు చిలకమ్మనిచ్చేరు. ఇద్దరూ సిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నోళ్ళు. అప్పే దాన్ని సంకనేసుకుని పెంచింది. కొత్త సింతపండొచ్చినా, ఆవు ఈనినా ఇద్దరూ ఒకరింటికి ఒకరు ఉరికీవోరు. ఆ ఓడ పోయి పెసరవలస రేవులోనే తగులుకున్నాది. ఆ నెలలోనే ఊళ్ళో మరిడి పడింది. సానామంది పోయేరు. చిలకమ్మకున్న ఒక్క పిల్ల, అప్పుడప్పుడే నడక నేర్సిన పిల్ల, అదీ పోయింది.

పెసరవలస పెద్దలు కూకుని కట్టు వేసుకున్నారు. ఒడ్డుపేటోళ్ళ ఓడ ఒడ్డుపేట నీళ్ళలోనే కాలేదాకా, తమ ఊరోళ్ళెవలూ మా గుమ్మం తొక్కరు, మా నీళ్ళు తాగరు. ఆ కబురు తెచ్చినోడు కూడా ఊరి బయటే నిలబడి అరిసి సెప్పి ఎల్లిపోయేడు. అప్ప ఆ యేళ పొయ్యి దగ్గరుంది. ఇన్నాది, మంట తగ్గించింది, లేచొచ్చి బావతో అన్నాది, "వొచ్చే ఏడు తగలాల. చిలక నా గుమ్మంలోకి రావాల."

బావ మంచోడే గానీ పిరికోడు. తన సేత్తో ఊరు సంపేనని దిగులెట్టేసుకుని, మందు జోలికే రానన్నాడు. అప్పటిదాకా మా ఇంట్లో సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు ఇడివిడిగా నూరీది ఆడోళ్ళమే. కలిపి కూరీది మొగోళ్ళు. అప్ప ఒకరోజు మావ ముందుకెల్లి, "మావా, కూరడం నాకు నేర్పండి" అన్నాది. మావ సుట్ట పక్కనెట్టేడు. "ఆడదాని సేతి బాణమా?" అన్నాడు. "నూరింది ఆడదాని సెయ్యే గదా మావా. మందుకి ఇప్పటిదాకా తెలీనేదేటి?" అన్నాది. ఆ మాటకి నాను గుమ్మం వెనకాల నవ్వాపుకోనేకపోయేను. మావ నేర్పేడు. ఆ సంగతి ఒప్పుకోవాల.

మావ లెక్క ఒకటే. బరువుంటేనే బలం. దూరం పెరిగింది గాబట్టి పెద్ద వెదురు, ఎక్కువ మందు. సరే అని అప్ప మోకాలంత లావు బాణం కట్టింది. అది పెట్టిన బొంగు తొట్టి మీద నుంచి కదలడానికే బద్ధకించి, లేస్తూనే ముక్కు దించేసింది. మరుసటేడు ఇంకా పెద్దది కట్టింది. అది ఏటి మీదకి కాదు, ఎనక్కి తిరిగి ఊరి మీదకొచ్చి మా గడ్డిమేటు ముట్టించింది. ఎద్దులకి మేత నేక ఆ ఏడాది పడ్డ పాట్లు నాకు తెలుసు. ఊరోళ్ళకి మాత్రం పండగే. "ఆర్నెల్లు సాము సేసి మూలనున్న ముసలమ్మని పొడిసినట్టు, ఓడనొదిలి గడ్డిమేటుని కొట్టింది పుణ్యవతి" అని రేవులో నవ్వుకున్నారు. నాను బిందె అక్కడే పడీసి ఒక్కొక్కరికీ బదులు సెప్పొచ్చేను. అప్ప మాత్రం బూడిద ఎత్తి పెంటలో పోసి, కాలిన బద్ద ముక్కలేరుకుని ఇంట్లోకెల్లిపోయింది. ఏ ముక్క ఎటు పక్క ఎక్కువ కాలిందో సూస్తా కూకుంది.

అంతలో యుద్ధమొచ్చింది. గంధకం దొరక్కుండా పోయింది. నాను సిన్న రైలెక్కి పర్లాకిమిడి బజారుకెల్లి అడిగితే, కొట్టోళ్ళు నా మొగమూ నా సంచీ సూసి, "ఏం పేల్సడానికమ్మా?" అనీవోరు. ఇంట్లో ఉన్న కాస్తా కార్తీకానికి దాసాల. మరి పరీక్ష ఎలగ సెయ్యడం? అప్ప బొటనవేలంత గొట్టాల్లో సిటికెడు మందు కూరి, ఎండాకాలం ఏట్లో ఇసక మీద వేసి సూసీది. పిల్లల ఆటలా ఉండీది. ఒకరోజు సందేళ ఆ సిన్నది ఒకటి రివ్వుమని లేచి, ఇసకంతా దాటి, అవతలొడ్డు తుప్పల్లో పడింది.

"అమ్మీ, మనం ఇన్నేళ్ళూ దాన్ని మేపి సంపేము. దీనికి తిండి కాదు, తేలిక గావాల" అన్నాది అప్ప.

అక్కడ్నుంచి బాణం తీరే మారింది. గుణుపురం సంతకి కొండ మీద నుంచి సవరోళ్ళు వెదురు తెస్తారు. దాంట్లో కణుపుకీ కణుపుకీ మూరెడు దూరముండి, లోపల డొల్లగా, గోడ పల్సగా ఉండీది ఒకటుంటాది. అప్ప మోపులన్నీ ఇప్పించి, ఒక్కో బొంగూ గోటితో కొట్టి, సప్పుడు ఇని ఏరుకునీది. ఆళ్ళు ఇసుక్కుని సవర మాటల్లో ఏటో అంటే, అప్ప వొచ్చీరాని ఒడియాలో బదులు సెప్పీది. ఆ గొట్టానికి జనప నార సుట్టి బంక పట్టించింది, మందుకి పగలకుండా. కింద నిప్పు పోయే కంతకి పుట్టమట్టి బిరడా. తలలో గుగ్గిలం, నువ్వులనూనెలో నానిన గుడ్డ. తగిలిన సోట అతుక్కుని మండాల గదా, అరిటి బోదె తడిగా ఉంటాది మరి. తోకకి సన్నటి వెదురు బద్ద. బాణం పెట్టడానికి సీల్సిన బొంగు తొట్టి, అది నీటి మట్టానికి ఇంచుమించు సమంగా పెట్టీది. ఆకాశం మీదకేస్తే సూడ్డానికి బాగుంటాది, ఓడ మాత్రం నీటి మీదుంటాది.

ఎండాకాలంలో ఇసక మీద కర్ర పాతి, దానికి పాత సేట కట్టి వేసీవోళ్ళం. మొదట్లో తప్పిపోయీది. మెల్లిగా తగలడం మొదలెట్టింది. ఆఖరికి వేసిన ప్రతీదీ సేటకి తగిలి అంటుకునీది. నా ఇంట్లో ఒక్క సేట మిగల్నేదు, బియ్యం సెరగడానికి పక్కింటికెల్లీదాన్ని. ఇంక ఓడ కాలినట్టే అనుకున్నాము. కార్తీకమొచ్చింది. అదే వెదురు, అదే మందు, అదే సెయ్యి. బాణం సక్కగా బయల్దేరి, నడిమధ్యలో తోకూపి, వంకర తిరిగి, నీట్లో పడింది. మరుసటి కార్తీకమూ అంతే. పెసరవలసోళ్ళు మలుపు దగ్గర పొడుగు గెడలతో నిలబడి, తిట్టుకుంటా, ఆ ఓడని తమ రేవుకి తగలకుండా తోసుకున్నారు.

ఆ రెండోసారి నాకే ఇసుగొచ్చింది. "ఇంక మానీ అప్పా. నుదుట రాయంది ఎవలికీ రాదు" అన్నాను. అప్పకి కోపమొచ్చిందంటే గొంతు తగ్గుతాది. "నుదురు గురించి నాకు సెప్పకు. ఇసక మీద తగిలింది, నీటి మీద ఏల తగల్దు? ఏటి తేడా, అది సెప్పు" అన్నాది.

ఎండాకాలమంతా అదే గోల. తినేటప్పుడూ అదే, దంచేటప్పుడూ అదే. గాలి అనుకున్నాది, గాలి అంతగా వీసిన రోజే ఇసక మీద వేసి సూసింది, తగిలింది. సెమ్మ అనుకున్నాది, తడిగుడ్డలో రాత్రంతా ఉంచి వేసింది, అదీ తగిలింది. ఒకరోజు నాను ఇసిగిపోయి ఎగతాళికన్నాను, "అన్నీ ఒకటే గదా, పూజ ఒక్కటే తక్కువ. నీ సేటకి మావని తీసుకొచ్చి పూజ సేయించు."

అప్ప నా మొగం సూసింది. నాను నవ్వుతన్నాను, అప్ప నవ్వనేదు.

పున్నమినాడు బాణాన్ని రేవులో పీట మీద పెట్టి, మావ పసుపు రాసి, బొట్టెట్టి, బంతిపూల దండ తోక బద్దకి కట్టీవోడు. దండ పొడుగ్గా యేలాడాల, ఊరంతా సూడాల, అదీ దర్జా. తాత నాడు సేతికందే దూరంలో ఓడుంటే దండేటి, దుప్పటి కట్టినా తగిలీది. ఇంత దూరానికి, ఇంత తేలిక బాణానికి, ఆ తడి పూలు తోకనట్టుకుని లాగుతన్నాయి. మేము ఎండాకాలంలో బంతిపూలు నేక, గన్నేరు పూలతో దండ కట్టి తోకకి తగిలించి వేసేము. సేట ఒక పక్క, బాణం ఒక పక్క. మళ్ళీ వేసేము, అంతే. ఇన్నేళ్ళూ పసుపు నీళ్ళతో భక్తిగా మేమే దాని తోక పట్టుకుని ఎనక్కి లాగేము. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వొచ్చేయి.

తెలిసింది సరే. మావతో సెప్పడమెలగ? దండ నేకుండా బాణమేస్తే ఊరు ఒప్పుకోదు. మావ అసలే ఒప్పుకోడు, పూజ ఆయన సేతిలో మిగిలిన ఒకే ఒక్క పెద్దరికం. అప్ప వారం రోజులు దండని ఎక్కడ పెట్టాలో ఇసక మీద వేసి సూసింది. తోక మీద కాక, తల కింద, మెడ సుట్టూ బిగించి కడితే, బాణానికి ముందు బరువై ఇంకా సూటిగా ఎల్లింది. అప్పుడెల్లి మావ కాళ్ళ దగ్గర కూకుంది. నాను తలుపు పక్కన.

"మావా, ఒక మాటడగతాను. దేవుడికి దండ ఏడేస్తారు?"

"మెళ్ళో వేస్తారు. ఏల?"

"మన బాణానికి మనం తోకకి కడతన్నాము. కాళ్ళకి కట్టినట్టు కాదేటి? అందుకే అది ఎల్లనంటన్నాదేమోనని నాకనుమానం. ఈసారి మెళ్ళో వెయ్యండి. యేలాడకుండా, బిగించి."

మావ సుట్ట ఆరిపోయింది. "మా తాత తోకకే కట్టేడు" అన్నాడు.

"తాతగారి ఓడ ఈ ఒడ్డునే ఎల్లీది మావా. ఏరు జరిగింది. మనమూ కాస్త జరగాల."

మావ లేచి పొలమెల్లిపోయేడు. ఆ కార్తీకందాకా ఆ ఊసెత్తనేదు. నాను, "మళ్ళీ అడుగు" అని పోరు పెట్టేను. "అడగాల్సింది అడిగేను. ఇంక ఆయనిష్టం" అన్నాది అప్ప. స్వరాజ్యం వొచ్చిన మరుసటేడు అది.

పున్నమి సందేళ ఊరంతా రేవులో ఉన్నాది. పైన్నుంచి ఓడ వొస్తన్నాది, ఎర్రగుడ్డ కనబడతన్నాది. మావ పసుపు రాసేడు, బొట్టెట్టేడు. దండ తీసుకున్నాడు. అలవాటు ఎటుపోతాది? సెయ్యి తిన్నగా తోక మీదకే ఎల్లింది. అప్ప తొట్టి పట్టుకుని నిలబడుంది. పళ్ళు బిగబట్టి సూస్తన్నాది. మావ సెయ్యి అక్కడే ఆగింది. ఓడ వొచ్చేస్తన్నాది, జనం, "ఏటి ఆలీసం?" అని గొణుగుతన్నారు. మావ దండ సగానికి తెంపేడు. సగం ఏటికి వొదిలీసి, మిగతా సగం బాణం మెడకి రెండు సుట్లు సుట్టి, ముడేసి, ముడి బిగిందో నేదో లాగి మరీ సూసేడు. తరవాత అప్పకేసి తిరిగి, "ఇంక నీ ఇష్టం" అన్నాడు.

హక్కు ఇంటి మొగోళ్ళది గాబట్టి, మందు జోలికి రానన్నా గానీ, వత్తి అంటించే కొరకంచు బావ సేతికిచ్చేరు. అప్ప ఒక సేత్తో తొట్టి, ఒక సేత్తో బావ మణికట్టు పట్టుకుంది. ఓడ ఉన్న సోటుకి కాదు, ఓడ రాబోయే సోటుకి తొట్టి తిప్పి ఆగింది. "ఇప్పుడు" అన్నాది. వత్తంటుకుంది. బాణం సప్పుడు కూడా ఎక్కువ సెయ్యనేదు. నీటికి ఇంతెత్తున, గీత గీసినట్టు ఎల్లింది. ఇంక పడతాది, ఇంక పడతాది అనుకుంటన్నాను. పడనేదు. ఎర్రగుడ్డ కింద సాపల్లో గుచ్చుకుని ఒక్క క్షణం పొగొచ్చింది. తరవాత గుగ్గిలం అంటుకుని ఓడ ఓడంతా మండింది. మలుపు ఇంకా దూరముండగానే, మా నీళ్ళలోనే కాలి, నీట్లో కలిసిపోయింది. గెడలతో నిలబడ్డ పెసరవలసోళ్ళు అవతల్నుంచి కేకేసేరు. మావ ఏటికి దండమెట్టి, తుండుతో మొగం తుడుసుకున్నాడు. బావ కొరకంచు పట్టుకునే ఇసకలో కూలబడ్డాడు.

అప్ప మాత్రం అప్పటికే ఇంటికేసి నడుస్తన్నాది. "ఏడకప్పా?" అంటే, "అటుకులు దంచాల. పొద్దున్నే చిలక దగ్గరికెల్తన్నాము. దాన్ని తీసుకొస్తాను" అన్నాది.

తెల్లారగానే బయల్దేరేము. దారి పొడుగునా ఎదురైన పెసరవలసోళ్ళు పలకరించేరు. కట్టు ఎత్తీసేరంట, రాత్రే సాటింపు వేసేరంట. అప్ప అందరికీ తలూపింది గానీ ఎక్కడా ఆగనేదు. నాను పరిగెట్టినట్టే నడిసేను.

చిలకమ్మ వాకిట్లో ఉప్పుడు వడ్లు ఆరబోసి కాలితో తిరగేస్తన్నాది. మమ్మల్ని సూసి ఆగింది. అప్పకన్న సిన్నదే గానీ, నెత్తి నెరిసిపోయి అప్పకన్న పెద్దదాన్లా ఉన్నాది.

"ఓడ కాలింది చిలకా" అన్నాది అప్ప.

"తెలుసు. మావోళ్ళు సెప్పేరు."

"కట్టు తీసీసేరు గదా. ఇంక నువ్వు మా ఇంటికి రావొచ్చు. ఇన్నేళ్ళూ దీని కోసమే సూసేను. నిన్ను తీసుకెల్దామని వొచ్చేను."

చిలకమ్మ వడ్లలోంచి ఇవతలికొచ్చింది. "ఆ కట్టు మాకు మేమేసుకున్నదప్పా. మేము మీ గుమ్మం తొక్కకూడదని. నువ్వు మా గుమ్మం తొక్కకూడదని ఎవలన్నారు?"

ఆ మాట ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్కలికీ తట్టనేదు.

"పిల్ల పోయిన్నాడు గుమ్మంలోనే కూకున్నాను, అప్ప వొస్తాదని. దినాలకైనా వొస్తాదనుకున్నాను. ఏడాదికైనా వొస్తాదనుకున్నాను. ఏటా మీ బాణం నీట్లో పడిందన్న కబురొచ్చీది. నువ్వు రానేదు."

"ఏ మొగం పెట్టుకోని రాను చిలకా? మా బాణం తప్పబట్టే గదా నీ పిల్ల..."

"నాను బాణమడిగేనేటి నిన్ను? నాకు అప్ప గావాల."

గడ్డిమేటు కాలినప్పుడు, ఊరు నవ్వినప్పుడు ఒక్క సుక్క రాల్చని మనిసి, ఆ వడ్ల మీదే కూలబడి ఏడ్సింది. చిలకమ్మ లేపనేదు, ఓదార్సనేదు. కాసేపటికి తనూ పక్కన కూకుని అప్ప భుజమ్మీద తల పెట్టింది. ఎండెక్కుతన్నాది, వడ్లు తిరగెయ్యకపోతే పాడవుతాయి. నాను సెప్పులిప్పి ఆ పనందుకున్నాను.